నీళ్ళు గడ్డకట్టేలోపు

ఎస్తేరో ఫ్రియో,
1991 జూన్ 9

ఎదెల్మీరా అత్తకి,

నీ కోళ్ళన్నీ బతికే ఉన్నాయి. ముందు ఈ ముక్క చెప్పేస్తే మిగతా ఉత్తరం స్థిమితంగా వింటావని మొదట్లోనే రాస్తున్నాను. నీకిది చదివి వినిపిస్తున్న దొన్యా ఉబెర్లిందాకి నా కృతజ్ఞతలు. అమ్మా, మా అత్త మధ్యలో అడ్డుపడి కసురుతుంది, పట్టించుకోకండి. మీ ఇంట్లో అద్దెకి దిగినవాళ్ళలో ఇంత గట్టి గొంతు ఇంకెవరికీ ఉండి ఉండదు.

కంటి ఆపరేషనుకని నువ్వు విమానం ఎక్కిన మర్నాడే ఇక్కడ చలి తన ప్రతాపం చూపించింది. విమానాశ్రయంలో నా చెయ్యి గట్టిగా పట్టుకుని "నీళ్ళు, పిల్లా, నీళ్ళు!" అన్నావు కదా, అప్పుడు లోపల నవ్వుకున్నాను. యూనివర్సిటీలో చరిత్ర చదివి పట్టా తెచ్చుకున్నదానికి కోళ్ళకి నీళ్ళు పెట్టడం కూడా నేర్పాలా అని. మొదటిరోజు పొద్దున్నే తొట్టి నిండా పోసి, లోపలికొచ్చి మాతే ఆకు వేడినీళ్ళలో వేసుకుని తాగుతూ కిటికీ పక్కన కూర్చున్నాను. కాసేపయ్యాక వెళ్ళి చూస్తే తొట్టి మీద అద్దం పరిచినట్టుంది. చుట్టూ నీ కోళ్ళు, హోటల్లో సర్వర్ కోసం ఎదురుచూసి విసిగిపోయినవాళ్ళలా తలలు పక్కకి వంచి నన్నే చూస్తున్నాయి. నీ పెద్దపెట్ట మేయరమ్మ అయితే ఆ మంచు మీద ఒక పోటు పొడిచి, "విన్నావా చప్పుడు?" అన్నట్టు నా వైపు తిరిగింది.

అప్పట్నుంచీ కెటిల్ పొయ్యి దిగలేదు. పోస్తాను, గడ్డకడుతుంది, పగలగొడతాను, మళ్ళీ పోస్తాను.

నిన్న దొన్ ఎలియోదోరో కొండ అవతల నుంచి గుర్రమ్మీద వచ్చాడు. నా అవస్థ చూసి, "నీళ్ళలో చుక్క సారా కలుపు అమ్మాయ్, సారా గడ్డకట్టదు" అన్నాడు.

"కోళ్ళకి మత్తెక్కదా?"

"ఎక్కితే ఎక్కనీ. ఈ చలిలో మెలకువగా ఉండి మాత్రం అవి ఏం బావుకుంటాయి?"

సీసా తనే తెచ్చాడు. ఎంత మోతాదు కలపాలో తేల్చడానికి ముందు తన మీదే ప్రయోగం చేసుకున్నాడు. కోళ్ళ దాకా రానే లేదు.

ఒక సందేహం. కోళ్ళ గూటికి పడమటి గోడ పైన, చూరు కింద, అరచెయ్యి పట్టేంత కన్నం ఉంది. గాలి ఈల వేస్తోంది. దాన్ని మూసెయ్యనా?

ఇంకొక మాట. దేశం దక్షిణపు కొసన, పుంతా అరేనాస్‌లో ఒక బడికి చరిత్ర టీచరు కావాలంటే దరఖాస్తు పెట్టాను. నువ్వు జూలై మధ్యలో వచ్చేస్తానన్నావు కదా, కలిసొస్తే వెళ్తాను. ఈ లోయ అందంగానే ఉంది అత్తా. కానీ ఇక్కడ కొత్త మొహం కనపడడమే గగనం, కనపడినా చాలాసార్లు అది గొర్రెది.

కెటిల్ కూత పెడుతోంది. వెళ్ళాలి.

నీ ఓరియానా


పుయెర్తో మోంత్,
జూన్ 17

ఒసే ఓరియానా,

కుడికంట్లో శుక్లం తీసేశారు. కట్టు కట్టారు. వంగకూడదట, బరువెత్తకూడదట, ముఖ్యంగా ఏడవకూడదట. "మరి నవ్వచ్చా?" అంటే డాక్టరు కాసేపు ఆలోచించి "మెల్లిగా" అన్నాడు. (ఈమె మెల్లిగా చేసే పని నేనింకా చూడలేదు. ఉబెర్లిందా.)

నీళ్ళ సంగతి విను. ఆ చెక్కతొట్టి అవతల పారెయ్. షెడ్డు వెనకాల సగానికి కోసిన లారీ టైరుంది, అది పెట్టు. నల్లది కదా, ఎండని లాక్కుంటుంది. గడ్డకట్టినా సరే, బోర్లించి ఒక్క తన్ను తంతే మంచు బిళ్ళలా ఊడొస్తుంది. గోరువెచ్చగా పొయ్యి, మరిగేవి కాదు. కోడి నీళ్ళు తాగకపోతే మేత ముట్టదు, మేత ముట్టకపోతే ఒంట్లో వేడి పుట్టదు. దాని చలికోటు దాని కడుపులోనే ఉందే పిల్లా. చీకటి పడ్డాక అవి ఎలాగూ తాగవు, నీళ్ళు బయట పెట్టెయ్. గూట్లో చెమ్మ ఉండకూడదు. గడ్డి మందంగా పరిచి వదిలెయ్, ఊడవకు, రోజూ కాస్త తిరగెయ్. పడుకోబోయే ముందు గుప్పెడు ఓట్లు చల్లు. పుంజుగాడు సార్జెంట్ తురాయికి గొర్రెకొవ్వు రాయి. కరుస్తాడు, రాయి.

ఇక చూరు క్రింది కన్నము విషయము. దానిని గుడ్డపేలికలతో బిగించి మూసివేయవలెను. చలిగాలి సోకినచో పాపం మూగజీవములకు జలుబు చేయును.

నీకు తెలియని సంగతొకటి చెప్తా. వాటి తాతమ్మల్ని మా అమ్మ గంపలో పెట్టుకుని, గుర్రమ్మీద, ఆర్జెంటీనా వైపు నుంచి తెచ్చింది. తోకలేని కోళ్ళు, చెవుల దగ్గర కుచ్చులు, నీలం గుడ్లు. లోయ మొత్తంలో ఆ వంశం నా గూట్లోనే మిగిలింది. పుంజు ఒక్కటే. సార్జెంట్ పోతే ఈ వసంతంలో పిల్లలుండవు, ఆ తర్వాత ఇక ఏమీ ఉండదు. నీ చేతిలో పెట్టి వచ్చాను.

నీ అత్త ఎదెల్మీరా

(చేతిరాత నాది. పొగలో ఆరబెట్టిన ఆల్చిప్పల దండ పంపుతున్నాను. చిక్కిపోకు తల్లీ. ఉ.)


ఎస్తేరో ఫ్రియో,
జూన్ 28

అత్తా,

టైరు అద్భుతం. మంచుబిళ్ళని తన్నడంలో నాకు ఎంత సుఖముందో ఎవరికీ చెప్పకు. ఒక్కో పొద్దున ఒక్కో పేరు పెట్టి తంతున్నాను. నా పట్టా చూసి "అమ్మాయీ, మేం కబురు చేస్తాం" అన్న పెద్దమనుషులందరూ అయిపోవస్తున్నారు.

కానీ ఒక చిక్కు వచ్చింది. కుచ్చుల కోళ్ళు తాగేటప్పుడు కుచ్చులు తడుస్తున్నాయి. తడిసినవి క్షణాల్లో గడ్డకట్టి చెవులకి మంచుముక్కలు వేలాడుతున్నాయి. మేయరమ్మ తల విదిలిస్తే టకటకమని చప్పుడు. దానికి నేనో ఉపాయం చేశాను. చెక్కపలక ఒకటి గుండ్రంగా కోసి, ముక్కు దూరేంత కన్నాలు పెట్టి, టైరులో నీళ్ళ మీద తేలేలా వేశాను. ఇప్పుడు ముక్కు మాత్రమే తడుస్తుంది. పైగా పలక కింద నీళ్ళు కాస్త ఆలస్యంగా గడ్డకడుతున్నాయి. నాకు ఎవరైనా చప్పట్లు కొట్టాలి, ఇక్కడ ఎవరూ లేరు.

నువ్వు చెప్పినట్టే నిచ్చెనెక్కి చూరు కింది కన్నాన్ని ఉన్నితో గట్టిగా కూరేశాను. ఈల ఆగింది. తెల్లారి లోపలికి వెళ్తే పైకప్పు అడుగంతా చక్కెర అద్దినట్టు తెల్లగా మెరుస్తోంది. చూడ్డానికి భలే ఉంది. కాస్త వాసనేస్తోంది.

అసలు విషయం: పుంతా అరేనాస్ ఉద్యోగం నాకే ఇచ్చారు! ఆగస్టు ఐదున చేరాలి. ఆలోపు అవునో కాదో చెప్పాలి. నువ్వు జూలై మధ్యలో వస్తావుగా? ఒక్క ముక్క రాయి. గూటి నుంచి ఒక్కరోజు కూడా దూరం వెళ్ళలేను. నీళ్ళు గడ్డకట్టేలోపు తిరిగి రాగలిగినంత దూరమే ఇప్పుడు నా లోకం.

ఓరియానా


పుయెర్తో మోంత్,
జూలై 6

ఓరియానా తల్లికి,

ఈ ఉత్తరం మీ అత్త చెప్పింది కాదు, ఉబెర్లిందా సొంతంగా రాస్తున్నది. నిన్న నీ ఉత్తరం చదువుతూ "చక్కెర అద్దినట్టు తెల్లగా" అనేసరికి మీ అత్త కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఏ కన్నం? ఎవరు మూయమన్నారు?"

"మీరే చెప్పారుగా" అన్నాను. అబద్ధం.

నిజం ఇది. ఆమె చెప్పింది, "ఆ కన్నం ముట్టుకోవద్దను, ఆవిరి పోవడానికి పెట్టాను, కోళ్ళ ఊపిరీ రెట్టలూ కలిసి చెమ్మవుతుంది, ఆ చెమ్మే తురాయి మీద గడ్డకట్టి కొరికేస్తుంది" అని. నేను విన్నాను. కానీ అమ్మాయీ, ఇక్కడ మా ఊళ్ళో వాన ఆగడమంటూ ఉండదు. గోడకి సూది దూరేంత సందున్నా అందులోంచి నీళ్ళొస్తాయి. పుట్టిన దగ్గర్నుంచి కన్నాలు మూస్తూ బతికినదాన్ని. మందుల మత్తులో ఈమె ఏదో పొరపాటు మాట్లాడుతోంది, పాపం కోళ్ళు, అనుకుని మూయమని రాసేశాను. మీ పొడిచలి సంగతి నాకేం తెలుసు?

ఇవాళ ఒక కంటికి కట్టుతో, నా చెయ్యి పట్టుకుని టెలిఫోను ఆఫీసుకి నడిచింది, మీ ప్రాంతం రేడియోకి కబురు చెప్పడానికి. మీ కోళ్ళకి ఏమైనా అయితే నన్ను తిట్టు. ఆమెని కాదు.

ఉబెర్లిందా


ఎస్తేరో ఫ్రియో,
జూలై 7

అత్తా,

నిన్న మధ్యాహ్నం రేడియోలో కబుర్ల వేళకి నేను ఓట్లు జల్లిస్తున్నాను. ఎవరి ఆవు ఈనిందో, ఎవరి కొడుకు ఏ బస్సు దిగుతాడో చెప్పాక ఆ అనౌన్సరు గంభీరంగా చదివాడు: "ఎస్తేరో ఫ్రియోలో ఉన్న ఓరియానాకి, ఆమె అత్త నుంచి. గూటి పై కన్నం వెంటనే తెరువు. కోళ్ళని ఊపిరి పీల్చుకోనియ్యి. ఎవరు దగ్గర్లో ఉంటే వాళ్ళు వెళ్ళి చూడండి."

నేను నిచ్చెన తెచ్చేలోపే లోయవాళ్ళు తమ నిచ్చెన తెచ్చేసుకున్నారు. దొన్ ఎలియోదోరో వచ్చాడు, వంతెన దగ్గరి అన్నదమ్ములు రంపం పట్టుకొచ్చారు. ఉన్ని లాగేస్తే లోపల్నుంచి ఆవిరి కెటిల్ మూత తీసినట్టు వచ్చింది.

"చదువుకున్నపిల్ల కోళ్ళని ఉడకబెడుతోంది" అన్నాడు దొన్ ఎలియోదోరో.

"మా అత్త ఉత్తరంలో మూయమంది!"

"మీ అత్త ఆ మాట చచ్చినా అనదు" అన్నారు ముగ్గురూ ఒక్కసారే. అబద్ధాలకోరులా నిలబడ్డాను.

కోళ్ళు బాగానే ఉన్నాయి. సార్జెంట్ బాలేదు. తురాయి కొనలు నల్లబడ్డాయి. రుద్దకూడదని, వేడి తగిలించకూడదని దొన్ ఎలియోదోరో అన్నాడు. కొవ్వు మాత్రం పైపైన పూశాను. కరవలేదు. అది చూసే నాకు భయమేసింది. ఒక మూల రెక్కలు జారేసి నిలబడ్డాడు, గొంతు విప్పడం లేదు.

ఒక ఉత్తరంలో మూయమంటావు, రేడియోలో తెరవమంటావు. నీకేమైంది? కంటి సంగతి ఒక్క ముక్క లేదు. నా ఉద్యోగం సంగతీ లేదు. వెళ్ళమనీ అనవు, ఉండమనీ అనవు. లోయంతా వినేలా కన్నం గురించి చెప్పడానికి నోరొచ్చింది కదా.

ఓరియానా


పుయెర్తో మోంత్,
జూలై 15

ఓరియానా బంగారం,

ఉబెర్లిందా తన తప్పు రాసేసిందట. నాలుగు రోజులు తనతో మాట్లాడలేదు. ఐదో రోజు రొట్టెలు వేయించి పళ్ళెం నా ఒళ్ళో పెట్టింది, ఏం చేస్తాను. (నేను ఏడ్చాను. నాకు ఏడవచ్చు కదా. ఉ.)

సార్జెంట్ తురాయిని వదిలెయ్. నల్లది దానంతటదే రాలిపోతుంది. వాడికి నీళ్ళు దగ్గరగా పెట్టు, ఉడికించిన బంగాళాదుంప చిదిమి చేత్తో తినిపించు. వాడు కూస్తే మొదట నాకు చెప్పు. మేయరమ్మ ఎలా ఉంది? కుంటిది కర్ర మీదకి ఎక్కగలుగుతోందా? పంతులమ్మ ఇంకా మిగతావాటిని పొడుస్తోందా?

డాక్టరు రెండో కన్ను కూడా ఇప్పుడే చేయించుకో అంటున్నాడు. జూలై చివర్లో. ఆగస్టు ఆఖరుకి గానీ రాలేను. నువ్వున్నావు కాబట్టి నాకు దిగులు లేదు. నువ్వు లేకపోతే ఈ కన్ను వద్దనేసి వచ్చేసేదాన్ని.

అత్త


ఎస్తేరో ఫ్రియో,
జూలై 23

అత్తా,

సార్జెంట్ కూశాడు. ముందు అది. పాత గొంతు కాదు, తలుపు బందు కిర్రుమన్నట్టుంది, కానీ కూశాడు. నా చేతిలో దుంప తిని, తర్వాత చెయ్యి కరిచాడు. సంతోషంతో అరిచాను.

మేయరమ్మ బాగుంది. కుంటిది ఎక్కుతోంది. పంతులమ్మ పొడుస్తోంది. ఒక్కో కోడినీ పేరు పెట్టి అడిగావు. నా సంగతి మూడోసారి కూడా అడగలేదు. అర్థమైంది. నేను వెళ్తే నువ్వు రెండో కన్ను వదిలేసి వచ్చేస్తావు, ఆ మాట నోటితో అనడం ఇష్టంలేక ఊరుకున్నావు. అన్నా బాగుండేది. కోపంగా లేను. కోపంగానే ఉన్నాను, కానీ నీ కన్ను మీద కాదు.

పుంతా అరేనాస్ వాళ్ళకి రాలేనని ఉత్తరం రాసేశాను. అటు వెళ్ళే బస్సు ఆగస్టు ఒకటో తేదీ గురువారం మలుపు దగ్గర ఆగుతుంది. డ్రైవరు చేతికి ఇస్తాను. దానిలో నేను ఎక్కుదామనుకున్నాను, నా బదులు ఉత్తరం ఎక్కుతుంది.

నీళ్ళ వేళయింది.

ఓ.


పుయెర్తో మోంత్,
జూలై 29

ఓరియానా,

ఈ వంకర అక్షరాలు నావే. ఎడమకంటికి కట్టు, కుడికంటికి కొత్త కళ్ళద్దం. నిన్న అద్దం పెట్టుకోగానే నీ చేతిరాత ఎలా ఉంటుందో చూద్దామని ఉత్తరాలన్నీ తెప్పించుకున్నాను. మొదటి నుంచి చదివాను. పుంతా అరేనాస్ అనే మాట నా చెవిన ఒక్కసారి కూడా పడలేదే!

ఉబెర్లిందా గుమ్మంలో నిలబడి ఉంది, పారిపోకుండా. "ఏడవకూడదన్నారు. అమ్మాయి వెళ్ళిపోతోందంటే మీరు ఏడుస్తారు. ఆ ముక్కల దగ్గర పేజీ తిప్పేశాను" అంది. కోప్పడదామంటే, మనిషి నా కన్నుని తన కన్నులా కాసింది. ఇద్దరం కూర్చుని రొట్టె తిన్నాం.

నిన్ను ఆపడానికి నేనెవర్తిని? నా కోళ్ళకి వంశం మిగలాలని ఆశపడ్డాను, నిజమే. అందుకు నిన్ను గూటికి కట్టెయ్యాలని ఎప్పుడూ అనుకోలేదు. రెండో కన్ను అయిపోయింది, అది వదిలే ప్రసక్తి లేదు. రేపు మధ్యాహ్నం రేడియోలో కబురు పెడతాను. ఈ ఉత్తరం నీకు అందేలోపు నువ్వు అక్కడ ఉండకూడదు.

ఎదెల్మీరా


పుంతా అరేనాస్,
ఆగస్టు 11

అత్తా,

నీ ఉత్తరం నన్ను వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చింది. రేడియో కబురు మాత్రం లోయంతా కంఠతా పట్టింది: "ఓరియానా, గురువారం బస్సులో ఉత్తరాన్ని కాదు, నిన్ను నువ్వు ఎక్కించు. ఎలియోదోరో, సారా సీసా ఇంట్లో పెట్టి కెటిల్ పట్టుకురా. మిగతావాళ్ళకి చెప్పక్కర్లేదు."

చెప్పక్కర్లేకపోయింది. సాయంత్రానికి వంటింట్లో కూర్చోవడానికి చోటు లేదు. వంతెన అన్నదమ్ములు పొద్దుటి నీళ్ళు తమవన్నారు. దొన్ ఎలియోదోరో ఒప్పుకోలేదు. "ఎదెల్మీరా నా పేరు పెట్టి పిలిచింది, మీది మిగతావాళ్ళలో!" వంతుల కోసం కొట్టుకునేంత పనైంది. పలక ఎలా వెయ్యాలో, టైరు ఎటు తన్నాలో చూపించాను. "ఇది మాకు చెప్తావా అమ్మాయ్?" అంటూనే అందరూ తొంగిచూశారు. బస్సు దాకా గుర్రమ్మీద దిగబెట్టింది దొన్ ఎలియోదోరోనే. దిగేటప్పుడు, "కన్నం మూయం, వెళ్ళు" అన్నాడు.

ఇక్కడ గాలి మనిషిని నిలబడనివ్వదు. ఇరవైమంది పిల్లలు, పన్నెండేళ్ళవాళ్ళు, దేన్నీ నమ్మరు. నాకు నచ్చారు. పొద్దున్నే కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి, తొట్టి దగ్గరికి పరిగెత్తక్కర్లేదు. అయినా మెలకువ వచ్చేస్తోంది. లేచి కిటికీలోంచి ఎవరి పెరట్లోనైనా కోళ్ళున్నాయేమో చూస్తున్నాను.

దొన్యా ఉబెర్లిందా, మీరింకా చదువుతుంటే: ఏ పేజీ తిప్పకండి, ఇందులో ఏడ్చేది ఏమీ లేదు.

ఓరియానా


ఎస్తేరో ఫ్రియో,
సెప్టెంబరు 15

ఓరియానా,

ఇంటికొచ్చాను. రెండు కళ్ళతో. ఇల్లింత మురికిగా ఉండేదని నాకు ఇన్నాళ్ళూ తెలియదు, ఎవరూ చెప్పలేదు.

కోళ్ళన్నీ ఉన్నాయి. సార్జెంట్ తురాయి కొనలు రాలిపోయి గుండ్రంగా అయ్యింది, వయసు దాచుకునే పెద్దమనిషిలా ఉన్నాడు. నన్ను చూసి గుర్తుపట్టనట్టు నటించాడు. మేయరమ్మ పొదగడానికి కూర్చుంది. నీలం గుడ్లు పెట్టాను. సార్జెంట్ ఆ చలిలో దెబ్బతిన్నాక ఇక దేనికీ పనికిరాడేమోనని లోపల గుబులుగానే ఉండేది, నీకు రాయలేదు. వారం పోయాక చీకటిగదిలో ఒక్కో గుడ్డూ దీపం ముందు పట్టి చూశాను. నీలం పెంకు మందం, నా పాత కళ్ళకైతే ఏమీ కనపడేది కాదు. సన్నటి ఎర్రదారాలు, సాలెగూడులా. మధ్యలో చుక్క కదులుతోంది. ఒకటీ రెండూ తప్ప అన్నిట్లో. ఎలియోదోరోని పిలిచి చూపించాను. టోపీ తీశాడు.

నీ పలక బాగుంది. అన్నదమ్ములు వాళ్ళ గూటికి కూడా ఒకటి కోసుకున్నారు, అడిగితే వాళ్ళ నాన్న కనిపెట్టాడంటున్నారు.

ఇవాళ పొద్దున కెటిల్ పట్టుకుని గూటి దగ్గరికి వెళ్ళాను. రాత్రి బయట పెట్టిన టైరులో నీళ్ళు నీళ్ళుగానే ఉన్నాయి. కోళ్ళొచ్చి ముంచుకుని, తలలెత్తి, మింగాయి. నాకు చెయ్యడానికి ఏమీ లేదు. కాసేపు అక్కడే నిలబడి, కెటిల్ వెనక్కి తెచ్చి ఆ నీళ్ళతో మాతే పెట్టాను. అలవాటు కొద్దీ ఇద్దరికి పెట్టాను. మొదటి వంతు తాగాను. కాసేపు ఆగి, రెండోదీ నేనే తాగాను.

అత్త